పెద్ద లాంచీయా, చిన్న పడవా?



కార్తీకమాసం వచ్చిందంటే మన ఇళ్ళల్లో రెండు పనులు తప్పవు. తెల్లవారుజామున లేచి చన్నీళ్ళ స్నానం చేసి దీపం పెట్టుకోవడం ఒకటి. ఏదో ఒక ఆదివారం నలుగురం కలిసి వనభోజనాలకు బయలుదేరడం రెండోది. మొదటిది ఎవరికి వారు చేసుకొనేది కనుక అందులో తగాదా లేదు. రెండోదానికి మాత్రం తగాదా లేకుండా బయలుదేరిన కాలనీని నేనింతవరకు చూడలేదు.

మా నాచారం కాలనీలో ఈ ఏడు ఎనిమిది ఇళ్ళవాళ్ళం కలిశాం. పెద్దలు పంతొమ్మిది మంది, పిల్లలు ఎనిమిది మంది. ఎక్కడికి అన్నది తొందరగానే తేలిపోయింది. నాగార్జునసాగర్. ఉప్పల్ దాటి, నాగోలు, ఎల్.బి.నగర్, ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు. పులిహోర ఎవరు చెయ్యాలి, పెరుగన్నం ఎవరు తేవాలి అన్నది కూడా తేలింది. తేలనిదల్లా పడవ సంగతి. పెద్ద లాంచీ ఎక్కడమా, చిన్న పడవలు మాట్లాడుకోవడమా?

మా ఎదురింటి వదినగారిది భువనగిరి దగ్గర పల్లెటూరు. ఆవిడ ఒకటే మాట: "నీళ్ళల్ల పోవుడంటె మాటలా? పెద్ద లాంచీ అయితె ఇల్లు తీర్గ ఉంటది. చిన్న పడవల పానం చేతుల పట్టుకొని కూసోవాలె." చిలకానగర్ నుంచి కొత్తగా మా వీధికి వచ్చిన కోడలుపిల్ల ఒకతె ఉంది. ఆ అమ్మాయి నవ్వేసి, "అంతమందితో లాంచీ ఎక్కితే ఉప్పల్ బస్సులో నిలబడ్డట్టే ఉంటుంది పిన్నిగారూ, నీళ్ళెక్కడ కనిపిస్తాయి? చిన్న స్పీడ్ బోటు ఎక్కుదాం" అంది. సగంమంది ఇటు, సగంమంది అటు. ఇడ్లీలు చల్లారిపోయాయి గాని మాట తెగలేదు.

మా అత్తగారిది కోనసీమ. ఏ ఊరికి పోవాలన్నా గోదావరి పాయ దాటక తప్పని చోట పుట్టి పెరిగిన మనిషి. మాటలన్నీ విని విని చివరికి ఆవిడ అన్నారు: "పెద్దదా చిన్నదా అని అడుగుతారేమిటే? అందులో ఎంతమంది ఎక్కారని అడగాలి గాని. మా రేవులో పడవవాడు ఒకడుండేవాడు. లెక్కకు ఒక్కరు ఎక్కువైనా గెడ ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాడు. ఆ ఒక్కరూ దిగిందాకా పడవ కదిలేది కాదు."

ఆ మాట పట్టుకొనే నేనివాళ మీతో మాట్లాడుదామని వచ్చాను.

ముందు అసలు ఎందుకు వెళుతున్నాం అన్నది చూసుకోవాలి. చీర కొనేటప్పుడు పెళ్ళికా, ఇంట్లోకా అని ఆలోచిస్తాం కదా! సాగర్‌లో నాగార్జునకొండకు పోవాలంటే జలాశయం మీద 11 కిలోమీటర్ల ప్రయాణం. ముప్పావుగంటో గంటో పడుతుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతుందని తెలిసి, అక్కడ తవ్వి తీసిన కట్టడాలను, శిల్పాలను కొండమీదికి చేర్చి మ్యూజియం పెట్టారు. ఆ ద్వీపం చూడాలంటే లాంచీయే దారి. అంత దూరం, అంత వెడల్పు నీళ్ళల్లో చిన్న పడవతో పనిలేదు. మధ్యాహ్నం గాలి లేచిందంటే సాగర్‌లో అలలు సముద్రంలాగే లేస్తాయి. అన్నట్టు, శుక్రవారం ఆ మ్యూజియానికి సెలవు. నీటిమట్టం బాగా తగ్గినా, గాలివాన ఉన్నా లాంచీలు ఆపేస్తుంటారు. ముందుగా ఫోను చేసి కనుక్కోకుండా ఇరవై ఏడు మందికి పులిహోర కలుపుకొని బయలుదేరకండి.

అలాకాక, ఊరికే కాసేపు నీళ్ళమీద తిరిగి రావాలి, పిల్లలు సరదాపడాలి అంటే చిన్న పడవే బాగుంటుంది. దాచుకోవడమెందుకు, నాకు చిన్న పడవే ఇష్టం. లాంచీలో ఇంజను చప్పుడు, మైకులో సినిమాపాటలు, ఎవరో పంచిపెట్టే పల్లీల పొట్లాలు. నీళ్ళమీద ఉన్నామన్న సంగతే మరిచిపోతాం. చిన్న పడవలో అయితే తెడ్డు పడ్డ చప్పుడు వినిపిస్తుంది. నీళ్ళ చల్లదనం ముఖానికి తగులుతుంది.

కాని, ఇష్టం వేరు, ఇంటిల్లిపాదినీ తీసుకుపోవడం వేరు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు చిన్న పడవ పెద్ద శిక్ష. రేవు ఒక ఎత్తున, పడవ ఒక ఎత్తున ఉంటాయి. కాలు పెట్టగానే పడవ పక్కకు జరుగుతుంది. ఒక కాలు రేవులోను, ఒక కాలు పడవలోను ఉండగా అది జరిగిందంటే ఎంతటివాళ్ళకైనా గుండె ఝల్లుమంటుంది. లాంచీకయితే బల్ల వేస్తారు, పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది, చెయ్యి అందించేవాడు ఉంటాడు, నీడ ఉంటుంది. రెండు మూడు గంటల ప్రయాణమైతే బాత్‌రూము ఉందా లేదా అన్నది ఆడవాళ్ళకు ఎంత ముఖ్యమో నేను వేరే చెప్పనక్కరలేదు. మగవాళ్ళు టికెట్లు తీసుకొనేటప్పుడు అడగని ప్రశ్న అదొక్కటే. మనమే అడగాలి. ఇక స్పీడ్ బోటు సంగతి. అది అలమీద నుంచి అలమీదికి ఎగిరి పడుతుంది. ఆ దెబ్బ నేరుగా వెన్నుపూసకు తగులుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు దాని జోలికి పోకూడదు. తొక్కుడు పడవలైతే పిల్లలకు సరదాయే గాని, సగం దూరం పోయాక కాళ్ళు లాగుతాయి. తిరిగి రావాల్సిన సగం మిగిలే ఉంటుంది!

ఇంతవరకు సౌకర్యం మాట. అసలు భయం మాటకు వద్దాం. ఏది మునుగుతుంది, ఏది మునగదు?

పెద్దదంటే మనకు ఒక నమ్మకం. పెద్ద బస్సు, పెద్ద ఆస్పత్రి, పెద్ద స్కూలు అన్నట్టే పెద్ద పడవ. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధుణ్ణి చూస్తాం కదా, ఆయన కథ ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ రాయి మన ఉప్పల్ మీదుగా పోయే వరంగల్ రోడ్డు మీదున్న రాయగిరిది. వందల టన్నుల ఏకశిల. దాన్ని మోయడానికి తెచ్చిన బార్జీ మన లాంచీల వంటిది కాదు, అందుకోసమే తెచ్చిన పెద్ద బార్జీ. 1990 మార్చి 10న అది నీళ్ళమధ్యలో ఒరిగింది. విగ్రహంతోపాటు మనుషులూ నీళ్ళపాలయ్యారు, ప్రాణాలు పోయాయి. బుద్ధుడు 1992 డిసెంబరు దాకా సాగర్ అడుగున పడుకొనే ఉన్నాడు. ఆ తరువాతనే ఆయన్ని పైకి తీసి నిలబెట్టారు. పెద్దదైనంత మాత్రాన నీళ్ళు మర్యాద చెయ్యవు.

ఎందుకు ఒరుగుతుందో తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. మన వంటింట్లోనే చూసుకోవచ్చు. ఖాళీ చెంబు ఒకటి నీళ్ళ తొట్టిలో వదలండి. పక్కకు ఒరిగి తేలుతుంది. అందులో గుప్పెడు గులకరాళ్ళు వెయ్యండి. బుద్ధిగా నిటారుగా నిలబడుతుంది. ఇప్పుడు ఆ రాళ్ళు లోపలినుంచి తీసేసి, చెంబు మీద మూత పెట్టి, ఆ మూతమీద పొయ్యండి. చెంబూ అదే, రాళ్ళూ అవే, బోర్లాపడుతుంది. బరువు అడుగున ఉంటే పడవకు బలం, పైన ఉంటే గండం. రెండంతస్తుల లాంచీలో అందరూ పై అంతస్తుకే ఎగబడి పోతారు, గాలి వస్తుందని, ఫోటోలు బాగా వస్తాయని. మూతమీద రాళ్ళు పోసుకోవడమన్నమాట.

ఇంకొకటి. వెడల్పాటి తాంబాళంలో వేలెడు నీళ్ళు పోసి రెండు చేతులా ఎత్తి నాలుగడుగులు వెయ్యండి. కాస్త ఒరిగితే చాలు, నీళ్ళన్నీ ఆ పక్కకే పరుగెత్తి తాంబాళాన్ని ఇంకా ఒంచుతాయి. మనం ఆపుదామనుకొనేలోపల చీరమీద పడతాయి. పడవలోకి నీళ్ళు చేరితే జరిగేది ఇదే. అసలు నీళ్ళే అక్కరలేదు, మనుషులు చాలు. "అదిగో మొసలి" అని ఒకరు అరిస్తే అందరూ ఒక పక్కకు పోతారు కదా! కేరళలో తేక్కడి అడవి సరస్సు ఉంది. 2009 సెప్టెంబరు 30న అక్కడ రెండంతస్తుల టూరిస్టు పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. ఒడ్డున అడవి జంతువులు కనిపించాయని జనం ఒక పక్కకు జరిగారు.

మన గోదావరి సంగతి మీకు చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడబోయిన రెండంతస్తుల బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. బతికి బయటపడినవాళ్ళు 26 మంది. మన హైదరాబాదు నుంచి, వరంగల్లు నుంచి వెళ్ళినవాళ్ళు ఎందరో అందులో ఉన్నారు. అది చిన్న పడవ కాదు, నీడా కుర్చీలూ అన్నీ ఉన్న పడవే. గోదావరి వరదమీద ఉంది. బోటును పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది. ఆ నెలరోజులూ టీవీ ముందు కూర్చొని మనం ఎంత ఏడ్చామో!

ఇందులో ఒక సంగతి నాకు తరువాత తరువాత తట్టింది. చిన్న పడవ మొదటినుంచీ మనతో మాట్లాడుతూనే ఉంటుంది. కాస్త కదిలితే ఊగుతుంది, ఒకరు లేస్తే ఒరుగుతుంది, "జాగ్రత్త, జాగ్రత్త" అంటూనే ఉంటుంది. భయం వేస్తుంది కనుక కుదురుగా కూర్చుంటాం. పెద్ద లాంచీ మాట్లాడదు. నెమ్మదిగా ఊగుతుంది, ఒరిగినా తెలియదు. తెలిసేసరికి మాట్లాడుకొనే వేళ దాటిపోతుంది. మా ఎదురింటి వదినగారు ఇల్లులాగా ఉంటుందన్నారే, అదే దానితో వచ్చిన చిక్కు. ఇంట్లో ఉన్నామనుకొని తిరుగుతాం.

అలాగని చిన్నదాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. విజయవాడ దగ్గర కృష్ణలో 2017 నవంబరు 12న జరిగింది కూడా ఇలాంటి కార్తీక ఆదివారమే. ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు సాయంత్రంపూట పవిత్ర సంగమం వైపు బయలుదేరారు. పడవకు ఆ దారిలో తిప్పడానికి అనుమతి లేదు. ఇరవైమందికి పైగా పోయారు. ఆ పడవ లాంచీ అంత పెద్దదేమీ కాదు.

ఇక నిజంగా చిన్న పడవలు చూడాలంటే హుస్సేన్‌సాగర్‌కు రండి. వానాకాలంలో, జులైలో, తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. సైన్యంవారి ఈ.ఎం.ఈ. సెయిలింగ్ సంఘం ఉంది, యాట్ క్లబ్ ఉంది. పిల్లలు నడిపే పడవను ఆప్టిమిస్ట్ అంటారు. పొడుగు రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు, అంటే మన ఇంట్లో పెద్ద మంచమంత. పదిహేనేళ్ళలోపు పిల్లలు, ఒక్కొక్క పడవలో ఒక్కొక్కరు. ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలకూ ఆ విద్య నేర్పుతున్నారు. ఆ పడవలు బోల్తాపడతాయా అంటే, పడతాయండీ, నేర్చుకొనే రోజుల్లో పూటకోసారి పడతాయి! పిల్లవాడు నీళ్ళల్లో తేలుతూ పడవ అడుగునుంచి పొడుచుకు వచ్చిన చెక్కమీద బరువు వేసి దాన్ని నిలబెట్టుకొని, నీళ్ళు తోడి పోసుకొని మళ్ళీ ఎక్కుతాడు. పడిపోవడం కూడా పాఠంలో భాగమే. ఎందుకు భయంలేదు? ప్రతి పిల్లవాడికీ ఒంటికి సరిపోయిన జాకెట్టు ఉంటుంది. పక్కనే కాపాడే పడవ తిరుగుతూ ఉంటుంది. ఒక్కడు ఎక్కే పడవలో ఒక్కడే ఎక్కుతాడు. మంచమంత పడవ వాళ్ళను కాపాడుతున్నది. ఇంటి అంత పడవ మనల్ని ముంచింది. తేడా పొడుగులో లేదు, లెక్కలో ఉంది.

రేవులో నేను చూసుకొనేవి మీకు చెబుతాను. పడవ మీద ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉండాలి. రాసి లేకపోతే అడగాలి. అడిగితే విసుక్కొన్నాడంటే ఆ పడవ మనది కాదు. రాసి ఉంటే తలలు లెక్కపెట్టాలి, చంకలో పిల్లను కూడా కలిపి. చిన్న పడవైతే పడవ అంచుకూ నీళ్ళకూ మధ్య ఎడం చూడాలి. అందరూ ఎక్కాక జానెడుకంటె తక్కువ మిగిలితే నేను కూర్చోను. నడిపేవాడు తాగి ఉన్నాడేమో మాటను బట్టి, కంటిని బట్టి మనకు తెలియకపోదు. పొద్దుగూకాక ఎక్కనే కూడదు. మబ్బు పట్టినా, ఎగువ గేట్లు ఎత్తారని విన్నా, ఒడ్డున కూర్చొని తినండి. ఒడ్డున తిన్నా వనభోజనమే.

లైఫ్ జాకెట్టు వేసుకోవడం వేరు, భుజాన తగిలించుకోవడం వేరు. ఎండగా ఉంది, ఫోటోలో చీర కనపడదు అని బకిల్ పెట్టకుండా వదిలేస్తాం. పెట్టకపోతే నీళ్ళల్లో అది ఒకదారి, మనం ఒకదారి. పెట్టుకొన్నాక పక్కనున్నావిడను రెండు భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగమనండి. గడ్డం దాటి చెవులదాకా వచ్చిందంటే అది మీది కాదు, మరొకటి అడగండి. పెద్దవాళ్ళ జాకెట్టు పిల్లలకు వేస్తే మరీ ప్రమాదం. పిల్లవాడు కిందినుంచి జారిపోతాడు. పిల్లల సైజు, వీలైతే తొడల కిందినుంచి కట్టే పట్టీ ఉన్నది కావాలి. లేదంటే పిల్లలు ఎక్కరు, అంతే.

మన చీర సంగతి ఏ బోర్డుమీదా రాయరు. ఆరుగజాలు తడిస్తే కాళ్ళకు చుట్టుకొంటుంది, ఈత వచ్చినవాళ్ళనైనా కట్టి పడేస్తుంది. కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, కొంగు దోపి, పిన్నీసు పెట్టుకోండి. వయసులో ఉన్నవాళ్ళు ఆ పూటకు పంజాబీ డ్రెస్సు వేసుకొంటే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకొంటే అనుకోనివ్వండి. మడమ ఎత్తు చెప్పులు బస్సులోనే వదిలేయండి. చిన్న పడవలోకి దిగేటప్పుడు అంచుమీద కాలు పెట్టకూడదు, నడిమధ్యలో పెట్టి వెంటనే కూర్చోవాలి. ఒకరి తరువాత ఒకరు, ఇటొకరు అటొకరు. లావుగా ఉన్నవాళ్ళం మధ్యలో. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, నేనెప్పుడూ మధ్యలోనే. లాంచీలోనైతే కింది అంతస్తులో, తలుపుకు దగ్గరగా, గాలి వచ్చేచోట కూర్చోవాలి. అద్దాలు బిగించిన ఏ.సి. గది ఎంత చల్లగా ఉన్నా నాకు వద్దు. లోపల నీళ్ళు నిండితే జాకెట్టు మనల్ని తీసుకుపోయి పైకప్పుకే అదిమిపెడుతుంది.

ఇవన్నీ చెప్పడం తేలికే. రేవులో నిలబడి అనడమే కష్టం. నాకు ఎదురైన సంగతి చెబుతాను.

2022 డిసెంబరు సెలవుల్లో మా వారు, నేను, మా అమ్మాయి, మా మరిదిగారి కుటుంబం కలిసి ఒక జలాశయం దగ్గరికి వెళ్ళాం. ఊరిపేరు ఎందుకు లెండి. చిన్న మోటారు పడవ. బోర్డుమీద పదిమంది అని ఉంది. మేం ఏడుగురం ఎక్కి కూర్చున్నాక ఇంకో కుటుంబం వచ్చింది. లెక్కపెడితే పడవవాడితో కలిపి పద్నాలుగు మందిమి. జాకెట్లు ఎనిమిది, అందులో మూడింటికి బకిల్స్ లేవు. నేను అడిగాను. అతను నవ్వి, "పిల్లలు లెక్కలోకి రారమ్మా" అన్నాడు.

నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకొని దిగిపోయాను.

ఆ దిగడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. నీళ్ళంటే భయం కాదు. అందరి ముఖాలూ చూడాలి కదా! "అందరూ చూస్తున్నారు, ఎక్కు" అని మా వారు పళ్ళమధ్యనుంచి అన్నారు. మా తోటికోడలు, "ఏమీ కాదక్కా, రా" అని పిలిచింది. వెనక వచ్చిన కుటుంబంలో పెద్దాయన, "ఆడవాళ్ళతో వస్తే ఇంతేనండీ" అన్నాడు. మా అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. మునిగిపోతుందని కాదు, పడవ ఎక్కనివ్వలేదని. పడవ వెళ్ళిపోయింది. మేమిద్దరం ఒడ్డున జామచెట్టు కింద ఇరవై నిమిషాలు కూర్చున్నాం.

ఏం జరిగిందంటారా? ఏమీ జరగలేదు. నవ్వుకొంటూ క్షేమంగా తిరిగి వచ్చారు. దేవుడి దయ. నేను మాత్రం అందరి సరదా పాడుచేసినదాన్నయ్యాను. ఉప్పల్ రింగురోడ్డు వచ్చిందాకా కారులో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆ తరువాత ఏ పెళ్ళిలో కలిసినా మా మరిదిగారు "పడవ దిగిన మహారాణి వచ్చారు" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. ఒక్కొక్కసారి నిజంగానే అతిచేశానా అనిపించేది కూడాను. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కడినుంచి తెస్తాం?

2024 జనవరి 18న గుజరాత్‌లో వడోదర ఊళ్ళో హర్ణి చెరువులో స్కూలు పిల్లలు పిక్నిక్కుకు వెళ్ళారు. ఊరి మధ్య చెరువు, చిన్న పడవ. మోయగలిగినదానికంటె ఎక్కువమందిని ఎక్కించారు, చాలామందికి జాకెట్లు లేవు. పన్నెండుమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. మర్నాడు పొద్దున మా తోటికోడలు ఫోను చేసింది. "అక్కా, పేపరు చూశావా?" అంది. చూశానన్నాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోను పెట్టేసింది. మహారాణి అన్న మాట ఆ తరువాత వాళ్ళింట్లో ఎవరి నోటా రాలేదు.

మా మండలి సమావేశంలో ఈ కథ చెప్పాను. ఎదురింటి వదినగారు చాలాసేపు ఊరుకొని, "గట్లయితె అందరం ఒక మాట అనుకుందాం" అన్నారు. ఆ మాటే తీర్మానంగా రాసుకొన్నాం. రేవులో మాలో ఏ ఒక్కరు "దిగుదాం" అన్నా అందరం దిగాలి. ఎందుకని అడగకూడదు, తరువాత దెప్పకూడదు. పిల్లలు అన్నా సరే. మగవాళ్ళకు కూడా బస్సు ఎక్కకముందే ఈ సంగతి చెప్పాలి. మా వారికి నేను చెప్పాను. పేపరు దించకుండానే "సరే" అన్నారు.

పెద్దదా చిన్నదా అన్న తగాదా కూడా దానితోపాటే తీరింది. కొండకు లాంచీలో. కింది అంతస్తులో, తలుపు దగ్గర. జనం ఎక్కువగా ఉంటే తరువాతి లాంచీకి ఆగుతాం, అదీ లేకపోతే ఆనకట్ట చూసి, ఒడ్డున తిని వస్తాం. చిలకానగర్ కోడలుపిల్లకు స్పీడ్ బోటు కోరిక మిగిలిపోకూడదు కదా! ఆ ముచ్చట హుస్సేన్‌సాగర్‌లో తీర్చుకొందామన్నాం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఖైరతాబాదులో దిగితే అక్కడినుంచి ఆటోలో లుంబినీ పార్కు. ఒక సాయంత్రం పని, పొద్దుండగానే తిరిగి రావచ్చు. అక్కడ లాంచీ, స్పీడ్ బోటు రెండూ ఉంటాయి కనుక ఏది మనకు పడుతుందో ఒక్క పూటలో తెలిసిపోతుంది. నీళ్ళ వాసన మాత్రం అడగకండి.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి బస్సు. మా అత్తగారు అప్పుడే పిన్నీసుల డబ్బా వెతికి పెట్టుకొన్నారు. తనకు మాత్రం తలుపు పక్క సీటే కావాలట, రేవులో ఎక్కేవాళ్ళ లెక్క తనే చూస్తారట.